ఫిజికల్ కెమిస్ట్రీ మనకు రాదా?

నర్సంపేట చుట్టుపక్కల పల్లెల నుంచి మన పిలగాళ్లు డిగ్రీ పూర్తిచేసి, వరంగల్ బస్సెక్కి ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదువ పోతున్నరు. సంతోషం. కాని ఏ బ్రాంచి తీసుకున్నవు బిడ్డా అని అడిగితే ఎక్కువమంది ఆర్గానిక్ అంటరు. ఫిజికల్ ఎందుకు వద్దనుకున్నవంటే ఒకటే జవాబు: "అదంతా లెక్కలు సార్, మనకు రాదు."

ఆర్గానిక్ చదువు తక్కువదని మేము అనడం లేదు. తల్లిదండ్రులు కూలికి పోతుంటే, హైదరాబాద్ మందుల కంపెనీల్లో కొలువు దొరికే చదువు చదవడం న్యాయమే. ఇష్టపడి తీసుకున్నోళ్లతో మాకు పేచీ లేదు. "మనకు రాదు" అని భయపడి తీసుకునేవాళ్ల గురించే మా బాధ. ఈ మాట మన పిల్లల నోట్లోకి ఎట్ల వచ్చింది?

రెండు పదార్థాలు ఎంత వేగంగా కలుస్తయి, వేడి పెంచితే ఏమైతది, ఎక్కడికొచ్చి ఆగుతయి, ఇవన్నీ లెక్కగట్టి చెప్పేది ఫిజికల్ కెమిస్ట్రీ. ప్రయోగశాలలో ముట్టుకోకముందే అణువు గుణాన్ని కాగితం మీద, కంప్యూటర్ మీద తేల్చేది థియరిటికల్ కెమిస్ట్రీ. ఇది మన తాతలకు తెలియని సంగతా? మాదిగవాడల్లో లంద ఉండేది. తోలును ముందు సున్నంలో నానబెట్టి వెంట్రుక ఊడదీసి, కడిగి, తంగేడు చెక్క నీళ్లలో ఊరబెట్టేటోళ్లు. (అదే తంగేడు పువ్వు బతుకమ్మ మీదికెక్కింది, ఇవాళ రాష్ట్ర పుష్పం కూడా అయింది. చెక్క కొట్టి తెచ్చినోళ్లను మాత్రం ఊరి బయటనే ఉంచిన్రు.) ఆ చెక్కనీళ్లు మొదట పలచగ ఉండాలె, రోజులు గడిచినకొద్దీ చిక్కగ చెయ్యాలె. మొదలే చిక్కటి నీళ్లలో వేస్తే తోలు పైపొర బిగుసుకపోయి లోపల పచ్చిగనే మిగులుతది. చలికాలం పని నెమ్మదిగ సాగుతది, ఎండకాలం తొందరగ అయితది. పదార్థం చిక్కని చోటు నుంచి పలచని చోటుకు ఎంత వేగంతో పోతదో 1855లో ఫిక్ అనే జర్మన్ శాస్త్రవేత్త సూత్రం రాసిండు. వేడికీ చర్య వేగానికీ ఉన్న లెక్కను 1889లో అర్హీనియస్ రాసిండు. ఎమ్మెస్సీ పరీక్షలో ఈ రెండూ అడుగుతరు. ఇంకొకటి వినండి. ఫిజికల్ కెమిస్ట్రీలో కొల్లాయిడ్లని ఒక పాఠం ఉంటది. ఆ పేరు 1861లో థామస్ గ్రాహం పెట్టింది. దానికి మూలం బంక అనే అర్థమున్న గ్రీకు మాట. ఆ కాలంలో బంక చేసేది తోళ్లనూ ఎముకలనూ ఉడకబెట్టే.

లందను పొగిడి పిల్లలను మళ్లీ లందలోకి దించడానికి ఇది రాయడం లేదు. ఆ కంపు, ఆ పుండ్లు, ఆ అంటరానితనం పోవలసిందే. మనోళ్లు చేతులతో తెలుసుకున్నదాన్ని లెక్కలో రాసే హక్కు మనకు ఎందుకు అందలేదన్నదే మా ప్రశ్న.

జవాబు వెతకాలంటే యూనివర్సిటీ దాకా పోనక్కరలేదు, ఇంటర్ అడ్మిషన్ ఫారం చూస్తే చాలు. సర్కారు బడిల లెక్కల టీచరు పోస్టు ఖాళీ ఉంటే పిల్లకు లెక్కలంటే భయం పట్టుకుంటది. పది పాసైనంక "నీకు ఎంపీసీ కష్టం, బైపీసీ తీసుకో" అంటరు. అక్కడ లెక్కలు ఆగిపోతయి. తర్వాత బీజడ్‌సీ, ఆ తర్వాత ఎమ్మెస్సీ. అక్కడ క్వాంటం పాఠంలో 1926 నాటి ష్రోడింగర్ సమీకరణం బోర్డు మీద పడుతది. అవకలనం, సమాకలనం, మాత్రికలు అన్నీ ఒక్కసారే కావాలె, అదీ ఇంగ్లీషుల. ఐఐటీలలో, వరంగల్ ఎన్ఐటీలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ సీటుకు రాసే జామ్ పరీక్షలో ఫిజికల్ భాగం మొదలయ్యేదే గణిత భావనలతో. అంటే పదిహేనేళ్ల వయసులో ఎవరో పెద్దమనిషి చెప్పిన సలహా ఇరవై రెండేళ్లకు గోడై నిలబడుతున్నది. దానికి పిల్ల తెలివితక్కువదని పేరు.

మేఘనాద్ సాహాను తలుచుకుందాం. 1893లో ఢాకా దగ్గరి పల్లెలో, చిన్న కిరాణా దుకాణం నడిపే ఇంట్లో, చిన్నచూపు చూసే కులంలో పుట్టిండు. కలకత్తా హాస్టల్లో ఆయన తమతో కలిసి భోంచెయ్యడానికి పై కులాల విద్యార్థులు ఒప్పుకోలేదు. అదే సాహా 1920లో, వేడికి పరమాణువు నుంచి ఎలక్ట్రాన్ ఊడిపోవడాన్ని ఒక రసాయన చర్యగా చూసి, ఫిజికల్ కెమిస్ట్రీ సూత్రాలనే సూర్యుడికి వర్తింపజేసి, నక్షత్రాల వెలుగును చదివే సమీకరణం ఇచ్చిండు. ఆ లెక్క చెయ్యడానికి ఆయనకు పెద్ద ప్రయోగశాల అక్కర పడలేదు.

మనలాంటోళ్లు ఇది గమనించాలె. థియరిటికల్ కెమిస్ట్రీకి ఖరీదైన రసాయనాలు అక్కరలేదు. గణితం, ఒక కంప్యూటర్, ఓపిక కావాలె. అవసరమైన సాఫ్ట్‌వేర్లు కొన్ని ఉచితంగానే దొరుకుతున్నయి. 1998లో కోన్, పోపుల్‌లకు, 2013లో కార్ప్లస్, లెవిట్, వార్షెల్‌లకు కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది ఇటువంటి పనికే. మన హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోనే జెమ్మిస్ అనే శాస్త్రవేత్త పాతికేళ్లు ఈ పని చేసిండు. నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ కొడితే 2023 జనవరి నుంచి నెలకు 37 వేల ఫెలోషిప్ ఉంది. కూలి ఇంటికి ఇది చిన్న మాట కాదు.

సీటు వచ్చినంక కథ సుఖాంతమని కూడా చెప్పలేం. అదే సెంట్రల్ యూనివర్సిటీలో 2008 ఫిబ్రవరిలో ఫిజిక్స్ పరిశోధక విద్యార్థి సెంథిల్ కుమార్ ప్రాణం తీసుకున్నడు. పందులు పెంచే కులం నుంచి పీహెచ్‌డీ దాకా వచ్చిన తమిళ బిడ్డ. 2013 నవంబరులో మాదారి వెంకటేశ్ పోయిండు. ఆ రెండుసార్లూ గైడును కేటాయించలేదన్న ఆరోపణే ముందుకొచ్చింది. 2016లో రోహిత్ వేముల సంగతి దేశమంతా ఎరుగుదురు. సైన్సు డిపార్ట్‌మెంట్ల తలుపులు లోపలి నుంచి ఎట్ల మూసుకుంటయో తెలిసే పిల్లలను పంపాలె, పంపినంక ఒంటరిగా వదలొద్దు.

మా అడుగుడు ఇది. గురుకులాల్లో, ఎస్సీ హాస్టళ్లలో బైపీసీ పిల్లలకు కూడా లెక్కలు చెప్పాలె. డిగ్రీ కాలేజీలలో బీజడ్‌సీ వాళ్లకు గణితం బ్రిడ్జి కోర్సు పెట్టాలె. యూనివర్సిటీలు అడ్మిషన్ అయిన నిర్ణీత గడువులో గైడును ఇచ్చి తీరాలె, ఇయ్యకపోతే కారణం రాతపూర్వకంగా చెప్పాలె. సర్కారు ఇచ్చేదాకా చేతులు ముడుచుకొని కూర్చోలేం. మన టీచర్లలో ఎంపీసీ చదివినోళ్లు ఉన్నరు, రిటైరైన లెక్కల సార్లున్నరు. ప్రతి ఆదివారం రెండు గంటలు నర్సంపేటకు రాగలిగినోళ్లు ఈ పత్రిక తెచ్చిన కార్యకర్తకు పేరు చెప్పండి. డిగ్రీ మూడో ఏడు చదివే పిల్లలుంటే ఈ పేజీ వాళ్లకు చూపించండి. మొదటి పాఠం అవకలనంతో మొదలుపెడదాం.