కారు చవక, కాగితాలు ఖరీదు

డాలస్ చుట్టుపక్కల ఇర్వింగ్, ఫ్రిస్కో, ప్లేనోల్లో కారు లేకపోతే పెరుగు డబ్బా తెచ్చుకోవడానికి కూడా ఎవరినో ఒకరిని బతిమాలుకోవాలి. అందుకే హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో అక్కడికి చేరిన విద్యార్థికి ఫీజు తర్వాత పెద్ద ఖర్చు సెకండ్ హ్యాండ్ టయోటానో, హోండానో. జపాన్ బండి అయితే కళ్లు మూసుకుని కొనెయ్యమంటారు సీనియర్లు. బండి వరకూ ఆ సలహా బాగానే ఉంటుంది. కాగితాల దగ్గరే చిక్కు.

మన ఆర్‌సీ స్థానంలో అక్కడ ఉండేది 'టైటిల్'. బండి మీద అప్పుందా, ప్రమాదంలోనో వరదలోనో పాడై బీమా కంపెనీ చేతులు దులుపుకున్నదా అన్నది అందులో తేలాలి. తేలకుండా చేసేవాళ్లూ ఉన్నారు. వరదలో నానిన కార్లను కడిగి, తుడిచి, రాష్ట్రం దాటించి అమ్మడం అమెరికాలో పాత దందా. 2017లో హార్వీ తుపాను హ్యూస్టన్‌ను ముంచినప్పుడూ ఈ హెచ్చరికలు వినిపించాయి. 17 అక్షరాలు, అంకెల 'విన్' నంబరుతో బండి చరిత్ర తెప్పించుకోవచ్చు. అయితే పోలీసుల దాకా, బీమా దాకా వెళ్లని ప్రమాదం అందులో కనిపించకపోవచ్చు. మెకానిక్‌కు చూపించాల్సిందే. 2025 జనవరి నుంచి టెక్సాస్ సొంత వాహనాలకు ఏటా చేసే భద్రతా తనిఖీని ఎత్తేసింది. డాలస్, కాలిన్ వంటి కౌంటీల్లో పొగ పరీక్ష మాత్రం మిగిలింది. అంటే బ్రేకుల సంగతి కొనేవాడే చూసుకోవాలి.

అమ్మేవాడితో కలిసి కౌంటీ ట్యాక్స్ ఆఫీసుకు వెళ్లి పేరు మార్పించుకోవడం అన్నిటికంటే క్షేమం. గడువు 30 రోజులు. పన్ను 6.25 శాతం. ధర తక్కువ రాసి పన్ను తగ్గించుకుందామనుకుంటే కుదరదు. ప్రైవేటు అమ్మకాల్లో రాష్ట్రం లెక్కగట్టిన విలువలో 80 శాతానికి తగ్గితే ఆ 80 శాతం మీదే పన్ను వేస్తారు. మన రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లో భూమికి మార్కెట్ విలువ కట్టినట్టే.

అసలు బోల్తా పడేది బీమా దగ్గర. మన దేశంలో థర్డ్ పార్టీ పాలసీ ఉంటే, బండి తగిలి ఎవరైనా చనిపోయినా, గాయపడినా ట్రైబ్యునల్ ఖరారు చేసిన పరిహారానికి కంపెనీది బాధ్యత. పాలసీలో దానికి గరిష్ఠ పరిమితి ఉండదు. ప్రీమియం కూడా ఇంజిన్ సామర్థ్యాన్ని బట్టి ప్రభుత్వం నిర్ణయిస్తుంది. ఆ అలవాటుతో అమెరికాలోనూ 'లయబిలిటీ చాలు' అనుకుంటారు. టెక్సాస్ చట్టం అడిగే కనీస బీమా గాయపడిన ఒక్కొక్కరికి 30 వేల డాలర్లు, ఒక ప్రమాదంలో అందరికీ కలిపి 60 వేలు, ఆస్తి నష్టానికి 25 వేలు. అక్కడి ఆసుపత్రిలో ఒక శస్త్రచికిత్సకు 30 వేలు చాలకపోవచ్చు. ఎదుటి కొత్త పికప్ ట్రక్కు ధరే 25 వేలకు రెట్టింపు ఉండొచ్చు. తేడా ఎవరు కట్టాలి? తప్పు చేసిన డ్రైవరు. విద్యారుణం తీరని 24 ఏళ్ల కుర్రాడి మీద దావా పడుతుంది.

ప్రీమియం బండి కంటే మనిషిని చూసి వేస్తారు. వయసు, పిన్‌కోడ్, అక్కడి డ్రైవింగ్ చరిత్ర, క్రెడిట్ స్కోర్. హైదరాబాద్ ట్రాఫిక్‌లో పదేళ్లు గీత పడకుండా నడిపినా, ఇక్కడ సంపాదించిన నో క్లెయిమ్ బోనస్‌ను చాలా కంపెనీలు లెక్కలోకి తీసుకోవు. అప్పే చేయనివాడికి స్కోరే ఉండదు, అదీ ఒక లోపమే. కాలిఫోర్నియా ఓటర్లు 1988లో ఆమోదించిన 103వ ప్రతిపాదనతో అక్కడ డ్రైవింగ్ రికార్డుకే మొదటి ప్రాధాన్యం. కారు బీమాకు క్రెడిట్ స్కోర్ వాడనివ్వరు. టెక్సాస్ వాడనిస్తుంది. ఒకే దేశంలో అదే కుర్రాడు, అదే కారు, రాష్ట్రం దాటితే రెండు ధరలు. దీన్ని మార్కెట్ అనడం కంటే రాజకీయం అనడమే సబబు.

ఖర్చు తగ్గించుకోవడానికి రూమ్మేట్లు నలుగురూ ఒకే కారు నడుపుతూ పాలసీలో ఒక్క పేరే రాయిస్తారు. ఇంట్లో ఉండేవాళ్ల వివరాలు దాచినట్టు తేలితే క్లెయిమ్ తిరస్కరించడానికి కంపెనీకి అది చాలు.

మరో సంతకం సంగతి ఎవరూ చెప్పరు. బీమా లేని బండి వచ్చి గుద్దితే ఆదుకునే రక్షణను, తప్పెవరిదైనా సొంత వైద్య ఖర్చులకు ఇచ్చే రక్షణను టెక్సాస్‌లో ప్రతి పాలసీతో కంపెనీ ఇవ్వజూపాలి. వద్దనుకుంటే కొనేవాడు రాతపూర్వకంగా చెప్పాలి. ఫోన్‌లో చకచకా పెట్టే సంతకాల్లో ఇదీ కలిసిపోతుంది. నెలకు కొద్ది డాలర్లు మిగిలాయన్న సంతోషంలో చదవరు. పాలసీ పత్రం మొదటి పేజీ తీసి ఈ రెండూ ఉన్నాయో లేవో చూసుకుని, లేకపోతే ఏజెంటుకు ఫోన్ చేసి చేర్పించుకోవచ్చు.