వ్రేళ్లకు రావలసిన తెలుగు

తిక్కన సోమయాజి భారతాన్ని ఆశువుగా చెబుతూ ఉంటే కుమ్మరి గురునాథుడు తాటాకుల మీద వ్రాస్తూ పోయినాడని మన ఐతిహ్యం. చెప్పేవాడు నడుమ ఆగరాదు, వ్రాసేవాడు మరల చెప్పుమని అడుగరాదు అని వారిరువురకూ నియమమట. కథలోని నిజానిజాల మాట ఎట్లున్నా, వ్రాతపని చేసే చేతినుండి తెలుగువారు ఏమి ఆశించినారో అందులో స్పష్టంగానే కనబడుతున్నది. భావానికి చేయి అడ్డు రాకూడదు. గుడి ఎక్కడ పెట్టాలి, కొమ్ము ఎటు త్రిప్పాలి అన్న విచారం వ్రాసేవాని మనస్సులో మెదలకూడదు. అందుకనే మంచి రచయితను మనవారు చేయి తిరిగినవాడన్నారు.

గంటం పోయి కలం వచ్చినది. కలం కూడా క్రమంగా పరీక్ష గదికి పరిమితమై, ఉత్తరమైనా, వ్యాసమైనా, కార్యాలయపు కాగితమైనా కీబోర్డు మీదనే పుడుతున్నది. ఈ మార్పునకు విచారించి ప్రయోజనం లేదు. ఆకు మీద వ్రాసినవాడు కాగితాన్ని చూచి బెంగపడి ఉంటే మనకు అచ్చుపుస్తకం వచ్చేదే కాదు. అయితే కీబోర్డు దగ్గరకు వచ్చేసరికి విద్యార్థులూ, వారి తల్లిదండ్రులూ, ఒక్కొక్కసారి ఉపాధ్యాయులూ కూడా అడుగుతున్న ప్రశ్న ఒక్కటే: నిమిషానికి ఎన్ని మాటలు? వేగాన్ని గురించిన ఈ ప్రశ్న తప్పు కాదు. కాని తెలుగు విద్యార్థి విషయంలో దానికి ముందు అడుగవలసిన ప్రశ్న మరొకటి ఉన్నది. వాని వ్రేళ్లు నేర్చుకొన్నది ఏ లిపిని?

టైపు యంత్రం ఆంగ్లలిపి కోసం పుట్టినది. అమెరికాలోని మిల్వాకీ నగరవాసి క్రిస్టఫర్ లాథమ్ షోల్స్ తన సహచరులతో కలిసి 1868లో దానికి పేటెంటు పొందినాడు. కొద్ది సంవత్సరాలకే రెమింగ్టన్ సంస్థ దానిని విపణిలోకి తెచ్చినది. ఆనాడు కుదిరిన మీటల అమరికే స్వల్పమైన మార్పులతో నేటికీ మన బల్లలమీద ఉన్నది. 1888 జూలై 25వ తేదీన సిన్సినాటి నగరంలో ఒక పందెం జరిగినది. ఫ్రాంక్ మెక్‌గరిన్ అనే న్యాయస్థానపు శీఘ్రలేఖకుడు మీటల వంక చూడకుండ టైపు చేసి తన ప్రత్యర్థిని ఓడించినాడు. చూడకుండ టైపు చేసే పద్ధతికి ప్రచారం రావడానికి ఆ పందెం ఎంతగానో తోడ్పడినది. మన పట్టణాలలో వీధివీధినా వెలసిన టైపు ఇన్‌స్టిట్యూట్లు ఆ పద్ధతినే నేర్పినవి. లోయరు, హయ్యరు పరీక్షలు ప్యాసై, ఆ చిన్న కాగితంతోనే ఉద్యోగం సంపాదించి సంసారాలు నిలబెట్టుకొన్నవారు మనలో ఎందరో ఉన్నారు. కనుక వ్రేళ్ల విద్యను చిన్నచూపు చూడడానికి తెలుగువారికి ఏ హక్కూ లేదు.

పది వ్రేళ్లూ ఆడితే తప్ప వేగం రాదని ఆ ఇన్‌స్టిట్యూట్లలో చెప్పేవారు. ఈ నమ్మకాన్ని ఇటీవలి పరిశోధనలు కొంత సడలించినవి. ఫిన్లండులోని ఆల్టో విశ్వవిద్యాలయంవారు 2016లో ముప్పదిమంది చేతి కదలికలను జాగ్రత్తగా కొలిచి చూచినారు. పద్ధతిగా నేర్చినవారితో సమానంగా, తమంతట తాము నేర్చి, తక్కువ వ్రేళ్లతోనే టైపు చేసేవారు కూడా వేగం చూపగలిగినారు. వేగానికి మూలం వ్రేళ్ల సంఖ్య కాదని, ఒక అక్షరానికి ఎప్పుడూ ఒకే వ్రేలు పోవడం, చేయి అనవసరంగా కదలకుండడం, రాబోయే అక్షరానికి వ్రేలు ముందే సిద్ధమై ఉండడం ముఖ్యమని తేలినది. 2018లో అదే విశ్వవిద్యాలయంవారు కేంబ్రిడ్జివారితో కలిసి ఒక లక్షా అరువది ఎనిమిది వేలమంది టైపు చేసిన 13 కోట్ల 60 లక్షల మీటనొక్కులను పరిశీలించినారు. అందులో సగటు వేగం నిమిషానికి 52 మాటలు. వేగంగా టైపు చేసేవారు తప్పులు కూడా తక్కువగానే చేస్తారని ఆ పరిశీలనలో కనబడినది. అందుచేత ఎవరి వ్రేళ్ల అలవాటు వారిదని ఒప్పుకోవచ్చు. రెండు వ్రేళ్లతో చక్కగా పని నడుపుకొనే పెద్దవారిని మరల బడిలో కూర్చోబెట్టవలసిన పని లేదు. అయితే పద్ధతిగా నేర్వనివారి చూపు ఎక్కువసేపు చేతులమీదనే ఉంటుందన్న సంగతి కూడా 2016 నాటి పరిశోధనలోనే ఉన్నది. చూపు చేతిమీద ఉన్నంతసేపు వాక్యం మీద ఉండదు. వ్రాసేవానికి ఇది చిన్న నష్టం కాదు.

ఇంతకూ ఆ “మాట” అన్న కొలత కూడా మనది కాదు. ఆంగ్లంలో ఖాళీతో సహా ఐదు నొక్కులను ఒక మాటగా లెక్కకడతారు. తెలుగు పదం విభక్తులనూ ప్రత్యయాలనూ తనలోనే ఇముడ్చుకొంటుంది. “వచ్చినవాడు” అన్న ఒక్క పదానికి, అక్షరాలకు, గుణింతపు గుర్తులకు, పొల్లుకు విడివిడిగా మీటలు నొక్కితే పది నొక్కులు పడతాయి. మన దృష్టిలో ఒక మాట, ఆంగ్లపు కొలతలో రెండు మాటలు. ఈ సంగతి తెలియక తెలుగు టైపు మందగొడి అని నిట్టూర్చడం, మూరతో బియ్యం కొలిచి తక్కువైనవని వాపోవడం వంటిది.

నేడు కంప్యూటరుమీద తెలుగు వ్రాసేవారి దారులు అనేకం. అచ్చుపనివారు అను వంటి సాధనాలతో ఆపిల్, మాడ్యులర్ అమరికలకు అలవాటు పడినారు. ఇతరులలో చాలామంది తెలుగు మాటను ఆంగ్లాక్షరాలతో కొట్టి, యంత్రంచేత తెలుగులోకి మార్పించుకొంటున్నారు. ఈ రోమన్ దారిని నిందించడం కృతఘ్నత అవుతుంది. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయం పేరుమీద వెలసిన లిప్యంతరీకరణ పద్ధతి దూరదేశాలలోని తెలుగువారికి మాతృభాషలో వ్రాసుకొనే వీలు కల్పించినది. ఆ వరుసలో వచ్చిన లేఖిని వంటి సాధనాలు వేలమందిచేత మొదటి తెలుగు వాక్యం వ్రాయించినవి. అవి లేకపోతే ఎన్నో గొంతులు మూగవోయి ఉండేవి.

మరి ఇందులో దోషమేమున్నది? నొక్కుల లెక్కలో వెదకితే పెద్దగా ఏమీ లేదు. “తెలుగు” అన్న మాటకు రోమన్ దారిలో ఆరు నొక్కులు, నేరుగా తెలుగు మీటలమీద కూడా ఆరే. “కమలము”నకు రోమన్‌లో ఎనిమిది, తెలుగు మీటలమీద ఐదు. “స్మృతి”కి రోమన్‌లో ఐదు, తెలుగులో ఆరు. మన హల్లులో అకారం దాగి ఉంటుంది కనుక అకారాంతాక్షరాలు ఎక్కువైనప్పుడు తెలుగు మీట గెలుస్తుంది. పొల్లును ప్రత్యేకంగా నొక్కవలసి ఉంటుంది కనుక సంయుక్తాక్షరాల దగ్గర ఆ లాభం కొంత తరుగుతుంది. వేగం మాత్రమే గీటురాయి అయితే ఈ చర్చను ఇక్కడితో ముగించవచ్చు.

దోషం చదువుకొనే పిల్లవాని విషయంలో ఉన్నది. కె, ఎ, ఎల్, ఎ అని నాలుగు మీటలు నొక్కగానే నేటి సాధనాలు కల, కళ, కాల వంటి రూపాలను వరుసగా పేర్చి చూపుతాయి. పిల్లవాడు వాటిలో ఒకదానిని ఏరుకొంటాడు. గుర్తుపట్టడం వేరు, వ్రాయడం వేరు. ల, ళ ల భేదం, న, ణ ల భేదం, హ్రస్వదీర్ఘాల భేదం, ఒత్తు ఉన్నదా లేదా అన్న విచికిత్స, ఇవన్నీ వ్రాసేవాడు తాను తేల్చుకోవలసినవి. ఆ తేల్చుకొనే పనిని యంత్రానికి అప్పగించిన పిల్లవానికి కొంతకాలానికి ఆ భేదాలే ముఖ్యం కాకుండ పోతాయి. ఆ తరువాత మెట్టు అందరికీ తెలిసినదే. తెలుగులోకి మార్చుకొనే శ్రమ కూడా మానివేసి, తల్లికి వ్రాసే నాలుగు మాటలు సైతం ఆంగ్లాక్షరాలలోనే పంపుతున్నారు. పంపినవాడు కల అన్నాడో కళ అన్నాడో అందుకొన్నవారు సందర్భాన్నిబట్టి ఊహించుకోవాలి. వినడానికి తెలుగు, చూడడానికి కాదు. మాట్లాడే భాష బ్రతికి ఉండగానే దాని లిపి చేతినుండి జారిపోవడం అంటే ఇదే.

దీనికి ప్రతిక్రియ ఎక్కడో లేదు, మన కంప్యూటర్లలోనే ఉన్నది. భారతప్రభుత్వపు ఎలక్ట్రానిక్స్ శాఖ 1986లో భారతీయ లిపులన్నిటికీ ఉమ్మడిగా ఇన్‌స్క్రిప్ట్ అనే మీటల అమరికను నిర్ణయించినది. 1991లో అది భారతీయ ప్రమాణాల సంస్థవారి ప్రమాణంలో చేరినది. ఈ అమరికను చూచిన తెలుగు ఉపాధ్యాయునికి ఆశ్చర్యమూ ఆనందమూ కలుగక మానవు. ఎడమచేతి క్రింద గుణింతపు గుర్తులు, కుడిచేతి క్రింద ప్రధానమైన హల్లులు. వ్రేళ్లు సహజంగా ఆనే నడిమి వరుసలో క చ ట త ప అనే పరుషాలు ఉన్నవి. వాటికి సరిగా పై వరుసలో గ జ డ ద బ అనే సరళాలు ఉన్నవి. క మీద గ, త మీద ద, ప మీద బ. అంటే సరళాదేశ సంధిలో పరుషం సరళమైనట్లే వ్రేలు ఒక్క వరుస పైకి పోతే చాలు. షిఫ్టు మీటతో నొక్కితే అవే అక్షరాలు ఖ, ఛ, ఠ, థ, ఫ. ఘ, ఝ, ఢ, ధ, భ అవుతాయి. గుడి నడిమి వరుసలో ఉంటే గుడిదీర్ఘం దాని పైన, కొమ్ము నడిమి వరుసలో ఉంటే కొమ్ముదీర్ఘం దాని పైన. ఆ గుర్తునే షిఫ్టుతో నొక్కితే అచ్చు వస్తుంది. వర్ణమాల తెలిసినవాడు దీనిని బట్టీపట్టనక్కరలేదు, అర్థం చేసుకొంటే చాలు. పిల్లలకు నోటితో వల్లెవేయించిన వ్యాకరణం ఇక్కడ వ్రేళ్లతో నడుస్తుంది. పైగా తెలుగు క ఉన్నచోటనే కన్నడపు క, హిందీ క కూడా ఉన్నవి. ఒక భాషకు తిరిగిన చేయి మరొక భాషకు సగం తిరిగినట్లే.

దీనికి చెప్పే ఆక్షేపణలు మూడు. కీబోర్డుమీద తెలుగక్షరాలు ముద్రించి ఉండవన్నది మొదటిది. చూడకుండ టైపు చేసేవానికి ముద్రించిన అక్షరంతో పని ఏమి? ఆ లోటే మంచి అలవాటును బలవంతంగా నేర్పుతుంది. రోమన్ వేగానికి అలవాటైన చేయి మొదట నత్తనడక నడుస్తుందన్నది రెండవది. నిజమే, నడుస్తుంది. కొన్ని వారాల ఓర్పునకు వెనుదీయడం విద్యార్థి లక్షణం కాదు. ఇక నోటితో చెబితే యంత్రమే వ్రాసిపెడుతున్నది గదా, ఈ శ్రమ ఎందుకన్నది మూడవది. చూపు లేనివారికి, చేయి ఆడనివారికి ఆ సౌకర్యం వరమే. కాని పలికిన మాటను పట్టుకోవడం వేరు, వ్రాసిన వాక్యాన్ని కొట్టివేసి, మార్చి, మరల కూర్చుకోవడం వేరు. రచన అన్నది ఈ రెండవ పనిలోనే ఉన్నది. చెప్పి వ్రాయించుకొన్న పాఠాన్ని దిద్దుకోవడానికైనా లిపి తెలిసిన చేయి కావాలి.

ఈ పని బడిలోనే జరగాలి. అందుకు టైపు చరిత్రలోనే ఒక సాక్ష్యం ఉన్నది. ఆగస్ట్ డ్వోరాక్ అనే ఆచార్యుడు ఆంగ్లానికి మరింత అనువైనదని తలచిన అమరికను కల్పించి 1936లో పేటెంటు పొందినాడు. దాని గుణదోషాలమీద వాదం ఎంత జరిగినా లోకం పాతదానిని విడువలేదు. మొదట చేతికి పట్టినదే కడదాకా నిలిచినది. మన పిల్లల చేతికి తెలుగు మాట మొదట ఆంగ్లాక్షరాలుగా పడితే, పెద్దయిన తరువాత ఎంత అభిమానం కలిగినా ఆ అలవాటును మార్చడం కష్టం.

ఇందుకు పెద్ద ప్రణాళికలు అవసరం లేదు. కంప్యూటరు ఉన్న ప్రతి పాఠశాలలో ఉన్నత తరగతులవారికి వారానికి రెండుమూడుసార్లు పావుగంట తెలుగు టైపునకు కేటాయించవచ్చు. మొదటి నెలలో వేగం ఊసే ఎత్తకూడదు. తప్పు లేకుండ, మీటలు చూడకుండ వ్రాయడమే పరీక్ష. యంత్రం చూపే మాటల వరుసను ఆపివేసి, ఉపాధ్యాయుడు చెప్పిన పాఠాన్ని పిల్లలు విని టైపు చేయాలి. అప్పుడు ఒత్తుల తప్పులు, దీర్ఘాల తప్పులు ఎక్కడ ఉన్నవో ఆ పిల్లవానికే బయటపడతాయి. ఈ పనిని కంప్యూటరు ఉపాధ్యాయునికి వదలివేయడం పొరపాటు. పరుషసరళాల మర్మం తెలిసిన తెలుగు ఉపాధ్యాయుడే ముందు తన వ్రేళ్లకు ఈ విద్య నేర్పుకోవాలి. తాను రోమన్‌లో కొడుతూ పిల్లలను తెలుగులో వ్రాయమంటే ఎవరు వింటారు?

వేగం తరువాత దానంతట అదే వస్తుంది. మాట తోచగానే దాని అక్షరాలు వ్రేళ్లకు తోచే రోజున, నిమిషానికి ఎన్ని అని ఆ విద్యార్థి ఎవరినీ అడుగడు. ముప్పది మాటలు వ్రాసినా, అరువది వ్రాసినా, అవి తన లిపిలో తాను తేల్చుకొని వ్రాసిన మాటలై ఉంటాయి.