మనోడా, బయటోడా? మొక్కజొన్న రాష్ట్రంలో కోచ్ గొడవ

ఈసారి పోస్టు విత్తనం గురించి కాదు, యూరియా గురించి కాదు, ఆట గురించి. అదీ మన ఆట కాదు. అయినా కాస్త ఓపిగ్గా చదవండి, ఎందుకంటే ఆ టీము పేరే మొక్కజొన్న రైతుల పేరు.

అమెరికాలో నెబ్రాస్కా అని ఒక రాష్ట్రం ఉంది. మొక్కజొన్న, సోయా, గొడ్లు, అంతే. రాష్ట్రం మొత్తం కలిపినా జనం 20 లక్షలకి అటూ ఇటూ, అంతే. మన పాత గుంటూరు జిల్లాలో సగం కూడా లేరు. లింకన్ అనే ఊళ్లో వాళ్ల యూనివర్సిటీ ఉంది. దాని ఫుట్‌బాల్ టీము పేరు కార్న్‌హస్కర్స్. అంటే కండెల మీద పొర వలిచేవాళ్లు అని. మిషన్లు రాకముందు వాళ్లూ మనలాగే చేత్తో వలిచినవాళ్లే.

మా అమ్మాయి, అల్లుడు లింకన్‌లో ఉంటారు. 2022లో పొలం మా తమ్ముడికి అప్పజెప్పి జులై నుంచి డిసెంబరు దాకా నేను అక్కడే ఉన్నాను. అప్పుడే వాళ్ల కోచ్‌ని పీకేశారు, కొత్తాయన్ని తెచ్చారు. ఆ మూడు నెలలూ ఎక్కడ విన్నా అదే మాట. కొట్టు దగ్గర అదే, చర్చి బయట అదే, పెట్రోలు బంకులో అదే. మా అల్లుడి పక్కింటాయన రిటైరైన రైతు. సాయంత్రమైతే వరండాలో కూర్చుని ఆయన చెప్పేవాడు, అల్లుడు నాకు తెలుగులో చెప్పేవాడు. ఆ తర్వాత నేనూ వదల్లేదు, ఇక్కడికొచ్చాక కూడా ఫోన్లో చూస్తూనే ఉన్నాను.

ముందు ఆట సంగతి రెండు ముక్కల్లో. ఇది మనమనుకునే ఫుట్‌బాల్ కాదు. కోలగా ఉండే బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తడం, విసరడం, ఎదురొచ్చినవాణ్ణి గుద్ది పడెయ్యడం. సీజన్‌కి 12 ఆటలు, ఎక్కువగా శనివారాలు, సరిగ్గా వాళ్ల మొక్కజొన్న కోతల టైములో. ఆడేది కాలేజీ పిల్లలు. నాలుగైదేళ్లకి చదువైపోయి వెళ్లిపోతారు. కాబట్టి టీములో నిలబడేవాడంటూ ఉంటే అది కోచ్ ఒక్కడే. పిల్లల్ని ఏరుకోవడం కూడా ఆయన పనే. హైస్కూల్లో బాగా ఆడే కుర్రాడి ఇంటికెళ్లి, అమ్మానాన్నల్తో మాట్లాడి తెచ్చుకోవాలి. నెబ్రాస్కాలో జనమే తక్కువ కదా, అందుకని టెక్సాస్, కాలిఫోర్నియా, ఫ్లోరిడా దాకా వెళ్లి తెచ్చుకోవాలి. ఇక ఆ రాష్ట్రంలో డబ్బులకి ఆడే పెద్ద ఫుట్‌బాల్ టీము ఒక్కటీ లేదు. ఉన్నదల్లా ఈ కాలేజీ టీమే. 1962 నుంచి ఆ స్టేడియంలో ప్రతి ఆటకీ టిక్కెట్లన్నీ అయిపోయినట్టే లెక్క. ఆట రోజు 85 వేల మందికి పైగా అక్కడే ఉంటారు. ఆ పూటకి ఆ స్టేడియమే రాష్ట్రంలో మూడో పెద్ద ఊరు అని వాళ్లు గొప్పగా చెప్పుకుంటారు. ఎర్ర చొక్కా లేనివాడు నేనొక్కణ్ణే అనిపించింది నాకు. రెండో వారానికి మా అమ్మాయి నాకూ ఒకటి కొనిచ్చింది, అది వేరే సంగతి.

ఇప్పుడు గొడవలోకి వద్దాం.

2017 డిసెంబరులో స్కాట్ ఫ్రాస్ట్ అనే ఆయన్ని కోచ్‌గా తెచ్చారు. ఆయనది వుడ్ రివర్ అని ఆ రాష్ట్రంలోనే చిన్న ఊరు. 1997లో ఆ టీము దేశానికే ఛాంపియన్ అయినప్పుడు బంతి నడిపించిన కుర్రాడు ఆయనే. 2017లో ఫ్లోరిడాలో ఒక టీముకి కోచ్‌గా ఉండి ఆ ఏడాది ఒక్క ఆట కూడా ఓడిపోలేదు. ఇంకేం కావాలి? మనోడు ఇంటికొచ్చాడన్నారు. ఏడేళ్ల ఒప్పందం, ఏడాదికి 50 లక్షల డాలర్లు. పక్కింటాయన అయితే ఆ వార్త విన్న రోజు కళ్లనీళ్లు పెట్టుకున్నాడట.

తీరా చూస్తే 16 గెలుపులు, 31 ఓటములు. 2021లో 12 ఆటల్లో 9 ఓడిపోయారు. ఆ తొమ్మిదీ కొద్దిలో పోయినవే, ఒక్కటి కూడా పది పాయింట్ల తేడా లేదు. 2022లో మొదటి ఆట ఐర్లాండులో, డబ్లిన్‌లో. 11 పాయింట్లు ముందున్నారు. ఏ అవసరమూ లేకుండా ఒక తుంటరి కిక్కు కొట్టించాడు, అది ఎదుటివాళ్ల చేతికి చిక్కింది, ఆటే పోయింది. అది నేను టీవీలో చూశాను. నాకు ఆట తెలియకపోయినా ఇంట్లో అందరి మొహాలూ చూసి అర్థమైంది. సెప్టెంబరు 10న సొంత గ్రౌండులో జార్జియా సదరన్ అనే టీము మీద 45-42తో ఓడారు. మర్నాడే తీసేశారు.

ఇక్కడ మన బుర్రకి అందని లెక్క ఒకటుంది. ఒప్పందం మధ్యలో తీసేస్తే పరిహారం కట్టాలి. అక్టోబరు 1 దాకా ఆగితే 75 లక్షల డాలర్లతో పోయేది. ఆగలేదు. కోటిన్నర డాలర్ల దాకా కట్టాల్సొచ్చింది. అప్పటి రేటుకి మన డబ్బుల్లో 120 కోట్ల రూపాయలు. మూడు వారాలు ఆగలేక 60 కోట్లు ఎక్కువ! ఆ డబ్బు పన్నులది కాదు, టిక్కెట్లదీ చందాలదీ అని చెప్పారు. టిక్కెట్టు కొనేది ఎవరు మరి? ఆ రైతే కదా.

తర్వాత మొదలైంది అసలు వాదన. కొందరు అన్నారు, మనోణ్ణి నమ్మి చూశాం, ఇక బయటోడే కావాలి అని. కొందరు మికీ జోసెఫ్‌నే ఉంచండి అన్నారు. ఆయన కూడా పాత ఆటగాడే, మధ్యలో తాత్కాలికంగా నడిపించాడు, ఆఖరి ఆటలో అయోవాని వాళ్ల గ్రౌండులోనే 24-17తో కొట్టాడు. ఆ మర్నాడే మ్యాట్ రూల్ పేరు ప్రకటించారు. ఎనిమిదేళ్లు, 7 కోట్ల 40 లక్షల డాలర్లు. మళ్లీ రెండు జట్లు. డబ్బులకి ఆడే కరోలినా టీములో 11 గెలిచి 27 ఓడి, నెలన్నర కిందటే ఉద్యోగం పోగొట్టుకున్నవాణ్ణి తెస్తారా అని ఒకళ్లు. కాలేజీల్లో ఆయన పని చూడండి అని ఇంకొకళ్లు. టెంపుల్ అనే కాలేజీలో మొదటి ఏడు 2 గెలుపులు, రెండో ఏడు 6, మూడో ఏడు 10. బేలర్‌లో మొదటి ఏడు 1, రెండో ఏడు 7, మూడో ఏడు 11. చౌడు నేల బాగుచేసేవాడి లెక్కలా ఉంది అనిపించింది నాకు. మొదటి ఏడు ఎకరాకి బస్తా రాదు, చూసినవాళ్లు నవ్వుతారు. జీలుగ చల్లి దున్నుతూ పోతే మూడో ఏట పైరు నిలబడుతుంది.

నా అభిప్రాయం చెప్తాను. నచ్చకపోతే కింద తిట్టండి, పర్లేదు. మనోడా బయటోడా అన్న వాదనే దండగ. ఆ టీము పాడైంది 2017లో కాదు, 2022లో కాదు. 2003లో.

1973 నుంచి 1997 దాకా టామ్ ఆస్బోర్న్ అనే ఒక్కాయనే కోచ్. 25 ఏళ్లు. ఏ ఏడూ 9 గెలుపులకి తగ్గలేదు. మొత్తం 255 గెలుపులు. ఆయన పద్ధతి బంతి పట్టుకుని పరిగెత్తడమే, విసరడం తక్కువ. చిన్న చిన్న ఊళ్ల నుంచి రైతుబిడ్డలు స్కాలర్‌షిప్పు లేకుండా, సొంత ఫీజు కట్టుకుని టీములో చేరేవాళ్లు, రెండు మూడేళ్లు ప్రాక్టీసులో దెబ్బలు తిని ఆఖరికి మైదానంలోకి వచ్చేవాళ్లు. ఊరికొకడు అలా ఉండబట్టే ఆ టీము అందరిదీ అయింది. అయితే ఈ ఆస్బోర్న్ మొదటి ఐదేళ్లూ ఓక్లహోమా చేతిలో వరసగా ఓడాడు. ఛాంపియన్ అయింది ఎప్పుడు? 22వ ఏడు, 1994లో. ఈ రోజుల్లో అయితే ఐదో ఏడే చెక్కు చేతిలో పెట్టి పంపేవాళ్లు. అంత పేరున్న మనిషి కూడా 2006లో గవర్నర్ పదవికి సొంత పార్టీలోనే పోటీ చేసి ఓడిపోయాడు. ఆట వేరే, ఓటు వేరే అని ఆ జనానికి బాగానే తెలుసు.

ఆయన తర్వాత ఆయన దగ్గర పనిచేసిన ఫ్రాంక్ సోలిచ్. ఆరేళ్లలో 58 గెలుపులు, 19 ఓటములు. 2003లో 9 గెలిచి 3 ఓడితే తీసేశారు. ఇది చాలదు, మనం మామూలు టీమైపోతాం అన్నారు పైవాళ్లు. కాలహాన్ అని డబ్బుల ఆట నుంచి ఒకాయన్ని తెచ్చారు. పరిగెత్తే పద్ధతి తీసేసి విసిరే పద్ధతి పెట్టాడు. మొదటి ఏడే 5 గెలుపులు, 6 ఓటములు. 1961 తర్వాత ఓటములు ఎక్కువైన సీజను అదే మొదలు. 2007లో ఆయన్నీ పంపారు. తర్వాత పెలీనీ, ఏడేళ్లూ ఏడాదికి 9కి తగ్గకుండా గెలిచాడు. నోటి దురుసు మనిషి, అది నిజమే. 2014లో ఆయన్నీ తీసేశారు. తర్వాత రైలీ, మూడేళ్లు. ఆ తర్వాత ఫ్రాస్ట్. మధ్యలో 2011లో పాత లీగు వదిలి వేరే లీగులో చేరారు. టెక్సాస్ వైపు ఆటలు పోయాయి, దాంతో అక్కడి కుర్రాళ్లు రావడమూ తగ్గింది.

మన దగ్గర ఎకరాకి 38 క్వింటాళ్లు పండే రకం ఉండగా, పక్కూళ్లో 42 పండిందట అని ప్రతి ఏడూ రకం మార్చే మహానుభావులున్నారు కదా. సాళ్ల దూరం మారుతుంది, మందు మారుతుంది, నీటి తడి మారుతుంది, ఏదీ కుదురుకోదు. నాలుగేళ్లకి 25 దగ్గర కూర్చుంటారు. ఒక కోచ్ పరిగెత్తే కుర్రాళ్లని తెస్తాడు, రెండో వాడొచ్చి నాకు విసిరేవాళ్లు కావాలంటాడు. ఆ కుర్రాళ్లు ఏమైపోవాలి?

అలాగని ఫ్రాస్ట్‌ని ఉంచాల్సింది అనను. నాలుగేళ్లు పైనే ఇచ్చారు, ఏడాదికేడాది మెరుగవ్వాల్సింది పోయి అలాగే ఉంది. తీసెయ్యాల్సిందే, కాకపోతే అక్టోబరులో. నేను అడిగేది ఇంకొకటి. 2003లో సోలిచ్‌ని తీసేసిన పెద్దమనిషి 2007లో తనే పోయాడు. పెలీనీని తీసి రైలీని తెచ్చినాయన్ని 2017లో తీసేశారు. ఫ్రాస్ట్‌ని తెచ్చినాయన 2021లో రిటైరయ్యాడు. రూల్‌ని తెచ్చిన ట్రెవ్ ఆల్బర్ట్స్ 2024 మార్చిలో టెక్సాస్‌లో వేరే యూనివర్సిటీకి వెళ్లిపోయాడు. ఏరేవాళ్లు ఇలా మారుతుంటే జనం మాత్రం ఏరబడ్డవాడి పుట్టిన ఊరు గురించి కొట్టుకుంటున్నారు. ఈ మాట పక్కింటాయనకి అల్లుడి చేత చెప్పించాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, ఏరేవాళ్లని ఏరడానికి మాకు టిక్కెట్లు అమ్మరు కదా అన్నాడు.

రూల్ సంగతికొస్తే, 2023లో 5 గెలుపులు 7 ఓటములు. 2024లో 7 గెలిచి 6 ఓడారు, అందులో డిసెంబరులో బోస్టన్ కాలేజీ మీద 20-15 గెలుపు ఉంది. 2016 తర్వాత సీజను చివరి బౌల్ ఆటకి వెళ్లడం అదే మొదటిసారి. 2025 ఆగస్టు ఆఖర్లో మొదలైంది ఆయన మూడో సీజను. ఆరు ఆటలు పోయినా పీకెయ్యండి అని అప్పుడే మొదలుపెట్టారని అల్లుడు చెప్తున్నాడు. నేనైతే ఇంకో రెండేళ్లు ఆయన జోలికి వెళ్లొద్దంటాను. పక్కింటాయన ఈసారి కూడా టిక్కెట్లు కొనేశాడు. ఆయన పొలం ఇప్పుడు కొడుకు చేస్తున్నాడు, మొక్కజొన్న పైరు తల ఎత్తు దాటిందట, ఫొటో పంపాడు, కింద పెడుతున్నాను. సాళ్ల మధ్య దూరం చూడండి, దాని గురించి అడగాల్సినవి నా దగ్గర చాలా ఉన్నాయి. మీకేమన్నా అడగాలనుంటే రాయండి, శనివారం ఫోన్ చేసినప్పుడు అడిగి చెప్తాను.