బ్రేకు నొక్కేది వెన్నుపాము కాదు

“నా రిఫ్లెక్సులు గట్టివి మాస్టారూ, ఎంత స్పీడులోనైనా బండి ఆపేస్తాను” అన్నాడు మా పదో తరగతి కుర్రాడొకడు. (లైసెన్సు వయసు ఇంకా రాలేదు. ఆ చీవాట్లు విడిగా పెట్టాను.) ఈ మాట నేనొప్పుకోను.

మోకాలి చిప్ప కింద తడితే కాలు ఎగరడం ప్రతీకార చర్య. వెన్నుపామే ఆజ్ఞ ఇస్తుంది. సెకనులో ఇరవయ్యో వంతు చాలు. బ్రేకు సంగతి వేరు. కన్ను చూడాలి, మెదడు పోల్చుకోవాలి, అప్పుడు చెయ్యి కదలాలి.

స్కేలు జారవిడిచి పట్టుకోమన్నాను. 20 సెంటీమీటర్లు జారాక పట్టుకున్నాడు, అంటే 0.2 సెకను. అదీ పడుతుందని ముందే తెలిసి! రోడ్డుకు గేదె అడ్డం వస్తే సెకను ఇట్టే పోతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఆ సెకనుకు బండి దాదాపు 17 మీటర్లు పోతుంది.

ఏబీఎస్ లేని బండి మీద అప్పుడు కంగారుగా ముందు బ్రేకు నొక్కితే చక్రం బిగుసుకుని జారుతుంది. జారే టైరుకు పట్టు తక్కువ. మెల్లగా మొదలుపెట్టి, బరువు ముందు చక్రం మీదికి వచ్చాక గట్టిగా నొక్కాలి. ఈ నేర్పు సాధనతో అనుమస్తిష్కానికి అబ్బుతుంది. మెచ్చుకోవలసింది దాన్నీ, గేదెను దూరం నుంచే కనిపెట్టే కంటినీ.

కుర్రాడు పట్టు వదలక మళ్ళీ మళ్ళీ ప్రయత్నించి 17 సెంటీమీటర్లకు తెచ్చాడు. రోడ్డు మీద లాభమెంతో లెక్క కట్టమన్నాను. 26 సెంటీమీటర్లు. జానెడుకు కాస్త ఎక్కువ.