గ్లాసు అడుగున ఇసుక



ఈ నెల వంటింటి సంగతి కాదు, వాకిట్లో నిలబడి ఉండే కారు సంగతి వ్రాస్తున్నాను. “మాకు కారు లేదే!” అని పేజీ తిప్పేయకండి. మీ ఇంట్లో స్కూటరు ఉన్నా ఈ మాటలు పనికి వస్తాయి. పైగా ఇందులో ఒక మనిషి మీద అన్యాయంగా పడిన నింద కూడా ఉంది. ఆ నిందలో నా పాలు ఎంతో నాకు ఆలస్యంగా తెలిసింది.

మావారు రిటైరైనప్పుడు వచ్చిన డబ్బులో కొంత పెట్టి ఒక చిన్న కారు కొన్నారు. ముదురు నీలం రంగు. హైదరాబాదులో మేముండే అపార్టుమెంటు వాచ్‌మన్ నెలకు కొంత పుచ్చుకుని రోజూ తెల్లవారుజామున కార్లు తుడుస్తాడు. మా కారు కూడా అతనికే అప్పగించాం. ఆరు నెలలు గడిచాయి. ఒక ఉదయం సెల్లారులోంచి కారు బయటికి తీసి ఎండలో పెట్టేసరికి మావారి ముఖం మారిపోయింది. బానెట్టు మీద, డిక్కీ మీద సాలెగూడులాగా సన్నటి గీతలు. నీడలో ఒక్కటీ కనబడదు, ఎండ పడితే చాలు అన్నీ మెరుస్తాయి.

“ఏమయ్యా, పీచు పెట్టి తోమావా?” అని మావారు గద్దించారు. “లేదు సార్, గుడ్డతోనే తుడిచాను” అన్నాడతను. “రేపటినుంచి మా కారు ముట్టుకోవద్దు” అని ఆయన అనేశారు. అతను తల వంచుకుని వెళ్లిపోయాడు. ఆ సాయంత్రానికి మరో రెండు ఇళ్లవాళ్లు కూడా తమ కార్లు పరీక్షగా చూసుకోవడం మొదలుపెట్టారు. అతని నెల రాబడిలో అది చిన్న మొత్తం కాదని నాకు తెలుసు. అయినా నేను నోరు మెదపలేదు.

రెండు రోజుల తరువాత మాకు తెలిసిన పెయింటింగ్ మేస్త్రీ వచ్చి కారు చూశాడు. “రోజూ తుడిచే గుడ్డ ఒకసారి తెప్పించండమ్మా” అన్నాడు. వాచ్‌మన్ తెచ్చి ఇచ్చాడు. మేస్త్రీ ఒక గాజు గ్లాసులో నీళ్లు పోయించి, ఆ గుడ్డను అందులో ముంచి పిండి, గ్లాసును గట్టు మీద పెట్టాడు. కాసేపటికి నీళ్లు తేరుకున్నాయి. గ్లాసు అడుగున సన్నటి ఇసుక. “ఇదిగోనండి మీ పీచు” అన్నాడు.

ఆ గుడ్డ ఎవరిదో నేను వెంటనే గుర్తుపట్టాను. మావారి పాత బనియను. ఆరు నెలల క్రితం, “దీనితో రోజూ దుమ్ము దులిపెయ్యి, నీళ్లు ఎక్కువ వాడకు” అని అతని చేతికి ఇచ్చింది నేనే! అతను నేను చెప్పినట్టే చేశాడు.

మేస్త్రీ వివరంగా చెప్పిన సంగతి ఇది. కారు రేకు మీద ముందుగా ప్రైమరు, దాని మీద రంగు, అన్నిటికన్నా పైన రంగులేని పారదర్శకమైన పొర ఒకటి ఉంటాయి. దీనినే క్లియర్ కోట్ అంటారు. ఇప్పటి కార్లలో ఈ పై పొర మందం సుమారు 40 నుండి 50 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. అంటే ఇంచుమించు మన తలవెంట్రుకంత మందం. కారుకు మెరుపునిచ్చేదీ, రంగును ఎండ నుండి కాపాడేదీ ఆ పొరే.

ఇక దుమ్ము సంగతి. రోడ్డు దుమ్ములో ఇసుక రేణువులు ఉంటాయి. ఇసుకలో ఎక్కువ భాగం క్వార్ట్జ్ అనే ఖనిజం. ఖనిజాల గట్టితనాన్ని 1 నుండి 10 వరకు కొలిచే మో కొలమానంలో వజ్రం 10 అయితే క్వార్ట్జ్ 7. మన వంటింటి మామూలు ఇనుప చాకు కన్నా గట్టిది. పొడిగుడ్డతో దుమ్ము తుడిచినప్పుడు ఈ రేణువులు గుడ్డకూ రంగుకూ మధ్య చిక్కుకుని గరుకు కాగితంలా పనిచేస్తాయి. గుడ్డ ఎంత మెత్తనిదైనా ఫలితం అదే. తప్పు గుడ్డది కాదు, గుడ్డలో దాగిన ఇసుకది.

కాబట్టి మొదటి నియమం: పొడి దుమ్మును ఎన్నడూ తుడవవద్దు. రోజూ తుడవకపోతే కారుకు వచ్చే నష్టమేమీ లేదు. ముందు అద్దం, వెనుక అద్దం, పక్క అద్దాలు తడిపి శుభ్రం చేసుకుంటే రోజువారీ ప్రయాణానికి చాలు. వారానికో, పది రోజులకో ఒకసారి పద్ధతిగా కడగండి. దుమ్ముపట్టిన కారు మీద కవరు కప్పడం కూడా మంచిది కాదు. గాలికి కవరు కదిలినప్పుడల్లా అదే దుమ్మును రంగు మీద రుద్దుతుంది.

ఇప్పుడు కడిగే విధానం చెబుతాను.

కారును నీడలో పెట్టండి. బయట తిరిగి వచ్చిన వెంటనే కాక, బానెట్టు చల్లబడిన తరువాత మొదలుపెట్టండి. వేడి రేకు మీద షాంపూ నీళ్లు ఇట్టే ఆరిపోయి మరకలు కడతాయి. రెండు బకెట్లు తీసుకోండి. ఒకదానిలో కార్ల కోసం అమ్మే షాంపూ కలిపిన నీళ్లు, రెండవదానిలో మంచినీళ్లు. బట్టల సబ్బుపొడి, అంట్లు తోమే పొడి వాడకండి. తోమే పొడిలో గీకే రేణువులే ఉంటాయి. బట్టల పొడి సరిగా కరగకపోతే పలుకులు గీరుకుంటాయి. అంట్లు కడిగే ద్రవం గీతలు పెట్టదు గాని, కారుకు పెట్టించిన మైనపు పాలిష్‌ను తీసేస్తుంది. కారు షాంపూ గుడ్డను జారేటట్లు చేస్తుంది. ఆ జారుడే రంగుకు రక్ష.

ముందుగా చేయి తగలకుండా కారంతా పైనుండి కిందికి నీళ్లు పోయండి. గొట్టం లేకపోతే పూలమొక్కలకు నీళ్లు చల్లే జల్లు డబ్బా చక్కగా పనికి వస్తుంది. గట్టిపడిన బురద ఉంటే తడిపి అయిదు నిమిషాలు నాననివ్వండి. రాలవలసిన ఇసుకలో చాలా భాగం ఇప్పుడే నీటితో పోవాలి. ఈ ఒక్క మెట్టు దాటవేస్తే తక్కినవన్నీ చేసినా ప్రయోజనం తక్కువ.

తరువాత మైక్రోఫైబర్ గుడ్డనో, చేతికి తొడుక్కునే మైక్రోఫైబర్ తొడుగునో షాంపూ నీళ్లలో ముంచి టాపు మీద మొదలుపెట్టండి. టాపు, అద్దాలు, బానెట్టు, డిక్కీ, తలుపుల పైభాగం, చివరగా తలుపుల కిందిభాగం, బంపర్లు. చక్రాల నుండి ఎగిరిన ఇసుక కిందిభాగంలోనే ఎక్కువ కనుక అది ఆఖరున. గట్టిగా అదమవద్దు, గుండ్రంగా తిప్పవద్దు. తేలికగా తిన్నని గీతల్లో నడపండి. ఒక్కొక్క భాగం పూర్తి కాగానే గుడ్డను మంచినీళ్ల బకెట్టులో బాగా జాడించి, పిండి, ఆ తరువాతే మళ్లీ షాంపూలో ముంచండి. రెండు బకెట్లు ఎందుకో ఇప్పుడు మీకు తెలిసిందిగా! ఒకే బకెట్టు అయితే తీసిన ఇసుకనే తిరిగి కారు మీదికి తెచ్చుకుంటాం. గుడ్డను బకెట్టు అడుగుదాకా ముంచవద్దు, ఇసుక అక్కడే పేరుకుంటుంది.

చక్రాలకు వేరే గుడ్డ, వేరే నీళ్లు. బ్రేకుల నుండి రాలే పొడిలో ఇనుప రేణువులు ఉంటాయి. ఆ గుడ్డ పొరపాటున కూడా రంగును తాకకూడదు. గుడ్డ నేల మీద పడిందా, దులిపి వాడకండి. పక్కన పెట్టి మరొకటి తీసుకోండి.

చివరగా మంచినీళ్లతో కడిగి వెంటనే ఆరబెట్టండి. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. కుళాయిల మీద తెల్లటి పొర కట్టడం చూస్తూనే ఉంటాం. కారు మీద నీటి బొట్టు ఆరినచోటా అదే మరక. శుభ్రమైన మైక్రోఫైబర్ తువాలును పరిచి, అద్ది, నీటిని పీల్చుకోనివ్వండి. రుద్దవద్దు. తరువాత ఆ తువాళ్లను విడిగా ఉతికి, దుమ్ములేని చోట ఆరవేయండి. బట్టలు మెత్తబడడానికి వాడే ద్రవం వాటికి పెట్టకండి, నీటిని పీల్చే గుణం తగ్గిపోతుంది.

పావురాల రెట్ట మాత్రం వారం దాకా ఆగే సంగతి కాదు. అది ఎండలో రంగును తినేస్తుంది. అలాగని గోటితో గీకకండి. తడిగుడ్డ దాని మీద పది నిమిషాలు పరచి ఉంచి, నానిన తరువాత మెల్లగా ఎత్తి తీసేయండి.

“ఇంత నీళ్లా!” అని మీరనుకోవచ్చు. పది నిమిషాలు గొట్టం తెరిచి ఉంచితే వంద లీటర్ల పైనే పోతాయి. బకెట్లతో, జల్లు డబ్బాతో కడిగితే అందులో సగంలోనే పని ముగుస్తుంది. 2024 మార్చిలో నీటి కరువు వచ్చినప్పుడు బెంగళూరులో తాగునీటితో కార్లు కడగడాన్ని నిషేధించి, 5,000 రూపాయల జరిమానా విధించారు. కరువు రోజుల్లో కారు దుమ్ముతో ఉండడమే మర్యాద. అప్పుడూ పొడిగుడ్డ మాత్రం ముట్టవద్దు.

ఇప్పటికే గీతలు పడి ఉంటే? వేలిగోరును మెల్లగా గీత మీదుగా జరపండి. గోరు తట్టుకోకపోతే సాధారణంగా గీత పై పొరలోనే ఉన్నట్టు, తెలిసినవారి చేత పాలిష్ చేయిస్తే చాలావరకు పోతుంది. గోరు తట్టుకుంటే అది లోతైనది, పాలిష్‌కు లొంగడం కష్టం. ఒక మాట గుర్తుంచుకోండి: పాలిష్ చేయడమంటే ఆ వెంట్రుకమందం పొరను మరికొంత అరగదీయడమే. కాబట్టి ప్రతి ఏడూ చేయించుకునే పని కాదు.

మా కారుకు మేస్త్రీ పాలిష్ చేశాడు. సన్నటి గీతలు చాలావరకు పోయాయి. డిక్కీ మీద రెండు మాత్రం అలాగే ఉన్నాయి.

ఆ గ్లాసు చూసిన సాయంత్రమే నేను మావారితో బనియను సంగతి చెప్పాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తరువాత ఇద్దరం కిందికి వెళ్లాం. “తప్పు మాది. చూడకుండా నిన్ను అన్నాను” అని మావారు అతనితో అన్నారు. నేను గుడ్డ సంగతి చెప్పాను. “నాకూ తెలియదు కదమ్మగారూ” అన్నాడతను. ఆ మాట నన్ను తేలిక పరచడానికే అన్నాడని నాకు తెలుసు. అనుమానపడిన ఆ రెండు ఇళ్లకూ నేనే వెళ్లి జరిగింది చెప్పి వచ్చాను. అన్నిటికన్నా కష్టమైన పని అదే!

ఇప్పుడు అతను వారానికి ఒకసారి రెండు బకెట్లతో కడుగుతున్నాడు. రోజూ తుడిచినప్పుడు ఇచ్చిన మొత్తమే ఇస్తున్నాం. గుడ్డలు, షాంపూ మావి. పక్క బ్లాకు కుర్రవాడు పొడిగుడ్డ తీస్తే, “ముందు నీళ్లు పొయ్యి” అని తనే చెబుతున్నాడు.

మీ ఇంటి కారు తుడిచే గుడ్డను కూడా ఈ వారం ఒకసారి గ్లాసులో పిండి చూడండి. నీళ్లు తేరుకునేదాకా ఆగండి. ఎవరినైనా ఏమైనా అనదలచుకుంటే, ఆ తరువాతే అనండి.

వచ్చే నెల మరొక సంగతితో కలుసుకుందాం.