లింబాయత్ ‘టు లెట్’ బోర్డులో ఉండాల్సిన మాట

సూరత్‌లోని లింబాయత్‌లో, పవర్‌లూమ్ పని కోసం తెలంగాణ నుంచి వచ్చిన పద్మశాలి కుటుంబాలు తరాలుగా ఉంటున్నాయి. ఇలాంటి కార్మికవాడలో ఖాళీ గది త్వరగా నిండాలంటే కొత్త రంగులు, ఫొటోలు చాలవు. అద్దె, అడ్వాన్సు, కరెంటు యూనిట్ ధర, నీళ్లు వచ్చే వేళలు ముందే చెప్పాలి. రాత్రి షిఫ్టు చేసి వచ్చిన మనిషికి పగలు నిద్ర పట్టే గదేనా అన్నదీ ముఖ్యమే.

వీటన్నిటికంటే విలువైనది అద్దె ఒప్పందం. అది లేకపోతే చిరునామా రుజువు దొరక్క గ్యాస్ కనెక్షన్ నుంచి బ్యాంకు ఖాతా వరకు చిక్కులే. ఏడాది దాటిన లీజుకు 1908 నాటి చట్టం రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేసింది. అందుకే 11 నెలల ఒప్పందం ఆనవాయితీ అయింది. పేదల గదులకు చాలాచోట్ల అదీ ఉండదు, నోటిమాటే.

2021 జూన్‌లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టం రాతపూర్వక ఒప్పందం ఉండాలంది. ఇళ్ల అడ్వాన్సు రెండు నెలల అద్దె మించరాదంది. అయితే రాష్ట్రాలు చట్టం చేస్తేనే అది అమలయ్యేది. అంతవరకు ఆగనక్కర్లేదు. ‘ఒప్పందం రాసిస్తాం’ అన్న ఒక్క వాక్యం బోర్డు మీద చేరిస్తే యజమానికి నమ్మకమైన కిరాయిదారు, కార్మికుడికి ఊళ్లో ఒక చిరునామా దక్కుతాయి.