బడ్జెట్ ఫోన్‌కి మార్కులు వేస్తే చాలదు.. దాంతో ఏం చేయొచ్చో చెప్పాలి!

1 కేబీ ర్యామ్. జీబీ కాదు, ఎంబీ కూడా కాదు, కేబీ! మీరు రోజూ పంపే వాట్సాప్ స్టిక్కర్ ఒక్కటి కూడా అందులో పట్టదు. స్క్రీన్ లేదు, కలర్ లేదు, సౌండ్ లేదు. కీబోర్డ్ అంటే ప్లాస్టిక్ షీట్ మీద అచ్చేసిన గళ్లు, అంతే. 1981 మార్చిలో బ్రిటన్‌లో లాంచ్ అయిన సింక్లెయిర్ జడ్‌ఎక్స్81 అనే హోమ్ కంప్యూటర్ స్పెక్స్ ఇవి. ఇలాంటిది ఈరోజు ఏదైనా రివ్యూ సైట్‌కి వస్తే పదికి ఒక మార్కు వేసి "డబ్బులు వేస్ట్, స్కిప్ చేయండి" అని రెండు ముక్కల్లో తేల్చేస్తారు.

కానీ అది లక్షల్లో అమ్ముడుపోయింది. కొన్నవాళ్లలో చాలామంది ప్రోగ్రామర్లయ్యారు, ఇంట్లో కూర్చుని గేమ్స్ తయారుచేశారు. ఎలా?

మొదటి కారణం అందరికీ తెలిసిందే, ధర. రెడీమేడ్‌గా అయితే 69.95 పౌండ్లు. విడి భాగాలు తెచ్చుకుని మనమే సోల్డరింగ్ చేసుకుంటే 49.95 పౌండ్లే. ఇంట్లో ఉన్న టీవీయే మానిటర్, పాటలు వినే క్యాసెట్ రికార్డరే స్టోరేజ్. రెండో కారణం గురించి మనం పెద్దగా మాట్లాడుకోం. అది ఆనాటి కంప్యూటర్ పత్రికలు.

తిట్టారు, నేర్పించారు

ఆ పత్రికలేమీ లోపాలు దాచలేదు. 16 కేబీ ర్యామ్ ప్యాక్ వెనకాల తగిలిస్తే అది వదులుగా ఊగేది. చెయ్యి తగిలితే చాలు, మెషీన్ క్రాష్ అయ్యి గంటసేపు టైప్ చేసిందంతా పోయేది. ఇది జోకులేసుకునేంత ఫేమస్. కానీ పత్రిక అక్కడితో ఆగలేదు. తర్వాతి పేజీల్లో బేసిక్ భాషలో ప్రోగ్రామ్‌లు లైన్ లైన్ అచ్చేసేవాళ్లు. పాఠకుడు పత్రిక పక్కన పెట్టుకుని టైప్ చేసేవాడు. ఒక్క అక్షరం తప్పు పడితే నడవదు. ఆ తప్పు వెతుక్కోవడంలోనే సగం చదువు వచ్చేసేది.

ఒక్క ఉదాహరణ చాలు. డేవిడ్ హోర్న్ అనే ఆయన ఇదే 1 కేబీ మెషీన్ కోసం చెస్ ప్రోగ్రామ్ రాశాడు. సైజు 672 బైట్లు! క్యాస్లింగ్ లాంటి కొన్ని రూల్స్ లేవు గానీ, కంప్యూటర్ మీతో చదరంగం ఆడుతుంది. దాన్ని 'యువర్ కంప్యూటర్' పత్రిక కోడ్‌తో సహా ప్రచురించింది. "1 కేబీతో ఏం వస్తుంది?" అని అడిగేవాళ్లకి ఇంతకన్నా మంచి జవాబు ఉంటుందా?

ఇంకో పత్రిక 'క్రాష్'. జడ్‌ఎక్స్81 తర్వాత 1982లో వచ్చిన స్పెక్ట్రమ్ కంప్యూటర్ గేమ్స్ కోసం 1984లో మొదలైంది. ఆఫీసు లండన్‌లో కాదు, లడ్లో అనే చిన్న ఊళ్లో. గేమ్స్ రివ్యూ చేసింది ఎవరనుకుంటున్నారు? ఎక్కువగా ఆ ఊరి స్కూల్ పిల్లలే. ఒకే గేమ్ మీద ముగ్గురు ఆడి, ముగ్గురి అభిప్రాయాలూ పక్కపక్కనే వేసేవాళ్లు. అంటే ఆ వస్తువు ఎవరు వాడతారో వాళ్లే దాని గురించి రాశారన్నమాట.

మన దగ్గర ఏం జరిగింది?

మనకి అప్పట్లో కంప్యూటర్ అంటే ఏసీ గది, చెప్పులు బయట విప్పి లోపలికి వెళ్లే గుడి లాంటిది. 1984-85లో కేంద్రం క్లాస్ ప్రాజెక్ట్ కింద కొన్ని స్కూళ్లకి బీబీసీ మైక్రో కంప్యూటర్లు ఇచ్చింది. 1986లో డెసిబెల్స్ ఎలక్ట్రానిక్స్ అనే మన కంపెనీ లైసెన్స్ తీసుకుని స్పెక్ట్రమ్ ప్లస్‌ని ఇక్కడ అమ్మింది. కానీ తెలుగులో చదువుకునే పిల్లాడి దాకా అవి రాలేదు. "ఇది ఇలా చెయ్యి" అని తెలుగులో స్టెప్ బై స్టెప్ చెప్పే పత్రికలు బాగా ఆలస్యంగా వచ్చాయి. నల్లమోతు శ్రీధర్ సంపాదకత్వంలో వచ్చిన 'కంప్యూటర్ ఎరా' లాంటివి ఆ పని చేశాయి కాబట్టే, వాటి పాత సంచికలు దాచుకున్నవాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు.

తర్వాత మన జడ్‌ఎక్స్81 అవ్వాల్సిన డివైస్ ఒకటి వచ్చింది. 2011 అక్టోబర్ 5న లాంచ్ అయిన ఆకాశ్ ట్యాబ్లెట్. మొదటి బ్యాచ్ అసెంబుల్ అయింది మన హైదరాబాద్‌లోనే. ప్రభుత్వం కొన్న ధర సుమారు 2,276 రూపాయలు. 7 అంగుళాల రెసిస్టివ్ స్క్రీన్, 366 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 256 ఎంబీ ర్యామ్, ఆండ్రాయిడ్ 2.2.

లాంచ్ రోజు "ప్రపంచంలోనే చవకైన ట్యాబ్లెట్" అని పొగిడారు. కొన్నాళ్లకే "టచ్ పనిచేయదు, స్లో" అని ఏకిపారేశారు. నిజానికి ఆ విమర్శలు కరెక్టే, గట్టిగా నొక్కితే తప్ప ఆ స్క్రీన్ వినదు. 2012 నవంబర్‌లో మెరుగైన ఆకాశ్ 2 వచ్చేసరికి, ఎవరు తయారుచేశారు, ఎక్కడ తయారైంది అనే గొడవే హెడ్‌లైన్ అయింది. ఈ సందట్లో ఐఐటీ బాంబే టీమ్ ఆ ట్యాబ్లెట్‌లో సీ, పైథాన్ ప్రోగ్రామ్‌లు రాసుకునేలా యాప్ చేసిందన్న సంగతి మీలో ఎంతమంది విన్నారు? ఆకాశ్ ఫెయిలవడానికి పత్రికలే కారణమని అనను. సప్లై సమస్యలు, హార్డ్‌వేర్ సమస్యలు చాలా ఉన్నాయి. కానీ చేతికొచ్చిన పిల్లాడికి "దీంతో ఇది చెయ్యి" అని చెప్పేవాళ్లు కరువయ్యారు.

2022 డిసెంబర్‌లో ఏపీ ప్రభుత్వ బడుల్లో 8వ తరగతి పిల్లలకి శాంసంగ్ ట్యాబ్‌లు ఇచ్చినప్పుడూ అంతే. రాజకీయ చర్చ కావలసినంత జరిగింది. ఆ ట్యాబ్‌తో పాఠాలు కాకుండా ఇంకేం నేర్చుకోవచ్చు అన్నది మాత్రం పక్కకి పోయింది.

రాజుపాలెంలో ఒక ఫోన్ అంటే

మా వైపు ఒక ఇంట్లో ఫోన్ కొనడం ఎలా ఉంటుందో చెప్తా. శనగలు అమ్మిన డబ్బులొస్తే రాజుపాలెం నుంచి తండ్రి ప్రొద్దుటూరు పోతాడు. షాపులో "అన్నా, పిల్లోళ్ల సదువుకి పనికొచ్చేది ఏదన్నా చూపియ్యి" అంటాడు. 8 వేలో, 9 వేలో పెట్టి కొంటాడు. ఆ ఒక్క ఫోనే అమ్మకి వీడియో కాల్, నాన్నకి యూపీఐ, పిల్లలిద్దరికీ చదువు. కనీసం మూడు నాలుగేళ్లు అదే నడవల్ల. ఆ పిల్లలు మన రివ్యూ ఓపెన్ చేస్తే ఏం కనిపిస్తుంది? "ఈ ధరకి 90 హెర్ట్జ్ బాగుంది, కెమెరా యావరేజ్, గేమర్స్‌కి సెట్ కాదు." వాళ్లకి దాంతో ఒరిగేదేంటి?

ఒక ముఖ్యమైన తేడా గమనించండి. జడ్‌ఎక్స్81 ఆన్ చేస్తే ఒక కర్సర్ కనిపించేది, "ఏం చేయమంటావ్?" అన్నట్టు. ప్రోగ్రామ్ రాయడం తప్ప దానికి ఇంకో దారి తెలీదు. మన బడ్జెట్ ఫోన్ ఆన్ చేస్తే అడగకుండా వేసిన షాపింగ్ యాప్‌లు, గేమ్‌లు, రీల్స్. అంటే దారి చూపించాల్సిన అవసరం అప్పటికంటే ఇప్పుడే ఎక్కువ.

"అంటే లోపాలు చెప్పొద్దంటావా?" అని అడగొచ్చు. కచ్చితంగా చెప్పాలి. అప్‌డేట్స్ ఇవ్వని కంపెనీని, నిండిపోయిన స్టోరేజ్‌తో ఆరు నెలలకే నత్తలా అయ్యే ఫోన్‌ని ఏకిపారేయాల్సిందే. కాకపోతే అది సగం పనే. 10 వేల లోపు ఫోన్‌కి రాసే ప్రతి రివ్యూలో ఇంకో మూడు విషయాలు ఉండాలని నా డిమాండ్.

ఒకటి, ఇంటర్నెట్ లేకుండా ఆ ఫోన్‌లో ఏం నేర్చుకోవచ్చు? పైడ్రాయిడ్ లాంటి యాప్‌లో డేటా లేకుండానే పైథాన్ రాయొచ్చు. అది ఈ ఫోన్‌లో సాఫీగా నడుస్తుందా లేదా చెప్పండి.

రెండు, నలుగురు వాడే ఫోన్‌గా టెస్ట్ చేయండి. ఫ్యామిలీ గ్రూపుల ఫోటోలు, వీడియోలతో స్టోరేజ్ నిండాక ఎలా ఉంది? అక్కర్లేని యాప్‌లు తీసేసే పద్ధతి ఏంటి?

మూడు, వాడేవాళ్ల చేత రాయించండి. లడ్లో స్కూల్ పిల్లలు 1984లో రివ్యూలు రాయగలిగితే, ప్రొద్దుటూరులోనో జమ్మలమడుగులోనో ఇంటర్ చదివే అమ్మాయి 9 వేల ఫోన్‌ని మూడు నెలలు వాడి ఎందుకు రాయకూడదు? లక్ష రూపాయల ఫోన్ జేబులో పెట్టుకున్న రివ్యూయర్‌కి కనపడనివి ఆమెకి కనపడతాయి.

ఈ రోజుల్లో 4 జీబీ ర్యామ్ అంటే మనకి ఆనదు. అది జడ్‌ఎక్స్81 ర్యామ్‌కి దాదాపు 42 లక్షల రెట్లు. 1 కేబీలో చదరంగం ఆడించిన పత్రికలు ఉన్నాయి. 4 జీబీతో ఆ రాజుపాలెం పిల్లలు ఏం చేయొచ్చో చెప్పలేకపోతే, తక్కువ పడింది ఫోన్ కాదు, మన రివ్యూ.